బాబుకి 2 ఏళ్ల 9 నెలలు, ఇంకా మాటలు రాలేదు – న్యూజెర్సీకి వచ్చి నెలైంది

రాజోలు అమ్మాయి:

అందరికీ నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర. మా ఆయన హెచ్1 ఉద్యోగ వీసా మీద, నేనూ బాబూ కుటుంబానికిచ్చే హెచ్4 మీద వచ్చాం. బాబు పిలిస్తే తిరగడు. ఏదన్నా కావాలంటే నా చెయ్యి పట్టుకెళ్ళి దాని మీద పెడతాడు గానీ వేలు పెట్టి చూపించడు. ఊళ్ళో ఉండగా నరసాపురం వెళ్ళాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేవాళ్ళం కదా, వీడు ఇంజను పక్కన నిలబడి ఆ మోతకి ఒళ్ళంతా ఊగేవాడు. అవతలి రేవు వచ్చినా దిగనని ఒకటే ఏడుపు. ఇక్కడ వాషింగ్ మెషీన్ ముందు అలాగే కూర్చుంటున్నాడు. మా అత్తగారేమో "మీ ఆయనకీ నాలుగేళ్లకి గానీ మాటలు రాలేదు, మగపిల్లలంతే" అంటారు. మొన్న పిల్లల డాక్టరు ఏవేవో అడిగి, ఆటిజం ఏమో చూడాలంటూ ఒక నంబరు ఇచ్చి ఫోన్ చెయ్యమంది. చేస్తే వీసాకి ఇబ్బందేమన్నా వస్తుందా? ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండని ఇద్దరు ముగ్గురు చెప్పారు. మా అమ్మకి ఇంగ్లీషు రాదు, వీడియో కాల్లో వాడితో ఏం మాట్లాడాలో తెలీక కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి.

పాలకొల్లు అక్క, న్యూజెర్సీ:

అమ్మాయ్, ముందు ఆ నంబరుకి ఫోన్ చేసిరా. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఎందుకింత తొందరంటే, ఇక్కడ ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లల్ని మూడో పుట్టినరోజు దాకా ఎర్లీ ఇంటర్వెన్షన్ వాళ్ళు చూస్తారు (డాక్టరు ఇచ్చింది వాళ్ళ నంబరే), ఆ రోజు నుంచి 21 దాకా బడి వాళ్ళు చూస్తారు. రెండూ ఒకే కేంద్ర చట్టం కిందే, దాన్ని ఐడియా అంటారు, మొదలు 1975లో. ఫోన్ చేసిన రోజు నుంచి 45 రోజుల్లో వాళ్ళు ఇంటికొచ్చి బాబుని చూసి, ఏమేం చెయ్యాలో ప్లాను రాయాలి. అదే పుట్టినరోజు 45 రోజుల్లోకి వచ్చేశాక చేశావనుకో, వాళ్ళు చూడక్కర్లేదు, బడి వాళ్ళని అడగమంటారు. పుట్టినరోజుకి ఇంక మూడు నెలలే, అందులో నీ చేతిలో ఉన్నది సగమే. చూడ్డానికి డబ్బు తీసుకోరు. ఆ తర్వాత సేవలకి మాత్రం మీ ఆదాయాన్ని బట్టి కొంత కట్టించుకుంటారు. బడిలో అయితే పైసా ఉండదు.

ఈ రోజే మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో స్పెషల్ ఎడ్యుకేషన్ ఆఫీసుకి కూడా ఒక ఉత్తరం రాయి. మా బాబు ఎదుగుదల మీద అనుమానంగా ఉంది, పరీక్ష చెయ్యండి అని రెండు లైన్లు, కింద తేదీ. చాలు. అది అందిన 20 రోజుల్లో వాళ్ళు నీతో మీటింగు పెట్టాలి. నోటితో చెబితే ఈ లెక్క మొదలవదు. వీసా సంగతికొస్తే, బడిలో పెట్టడానికి ఎవరూ అడగరు. వీసా లేని పిల్లలకి కూడా బడి తలుపు మూయకూడదని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది, నీకు నిక్షేపంలాంటి హెచ్4 ఉంది.

ఇంక అసలు సంగతి. మన గోదావరి వాళ్ళకో జబ్బుంది. ఎవరేం అడిగినా "ఆయ్, బాగానే ఉన్నామండి" అంటాం. మా పెద్దాడిని చూడ్డానికి వచ్చినావిడ "రాత్రి నిద్రపోతాడా?" అంది. నేను "బాగానే పోతాడు" అన్నాను. నాలుగు గంటలు పోయేవాడు. మిగతా రాత్రి నేనూ మా ఆయనా వంతులేసుకుని హాల్లో తిప్పేవాళ్ళం. "అన్నం తింటాడా?" అంటే "ఆ, బాగా తింటాడు". గిన్నె పట్టుకుని ఇల్లంతా వాడి వెనక తిరుగుతూ ముద్దలు నేను పెట్టేదాన్ని, ఆ మాట చెప్పలేదు. రిపోర్టులో నిద్రకి సమస్య లేదు, తనే తింటాడు అని రాశారు. వారానికి రెండు గంటల థెరపీ వస్తుందనుకున్నది ఒక గంట వచ్చింది. మళ్ళీ చూపించి సరిచేయించుకునే సరికి ఏడు నెలలు. ఆవిడ తప్పేముంది, నేను చెప్పిందే రాసుకుంది. పైగా వచ్చిన మనిషికి టీ, చేగోడీలు పెట్టి మరీ పంపించాను!

అందుకని రేపు వాళ్ళొచ్చినప్పుడు బాబు చాలా కష్టపెట్టిన రోజు ఎలా ఉంటుందో అది చెప్పు. చెంచాతో తింటాడా అంటే ఉత్తినే "లేదు" అనకు. "మా ఇంట్లో చెంచా అలవాటే లేదు, అన్నం నేనే కలిపి పెడతాను, అటుకులు మాత్రం తనే ఏరుకుని తింటాడు" అను. చెయ్యలేకపోవడం వేరు, ఇంట్లో చేయించకపోవడం వేరు. ఆ తేడా నువ్వు చెప్తేనే వాళ్ళకి తెలుస్తుంది.

తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే రాతలో అడుగు, ఇంగ్లీషు వచ్చినా సరే. మా ఆయన్ని ఆ పనికి కూర్చోబెడితే వాళ్ళు అరగంట చెప్పింది విని నా వైపు తిరిగి "ఏం పర్లేదంట" అన్నారు.

భీమవరం, డల్లాస్:

అక్కగారు చెప్పింది కాదనను గానీ, ఇంత చిన్నపిల్లాడికి ఆటిజం అని ముద్ర వేయించుకోవడం ఎందుకండీ? రికార్డుల్లో ఉండిపోతుంది. ఒక ఏడాది చూడండి. మా తెలిసినవాళ్ళు ఇండియా తీసుకెళ్ళి స్టెమ్ సెల్స్ ఎక్కించారు, కొంచెం గుణం కనిపించిందన్నారు.

ఒకటి మాత్రం నా అనుభవం మీద చెప్తాను. ముందు ముందు గ్రీన్ కార్డు వచ్చాక మెడికెయిడ్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) వెయివర్ అని ఒకటుంటుంది. ఇంటికి మనిషిని పంపడం, మనకి కాస్త ఊపిరి పీల్చుకునే వీలు, అవన్నీ దాని కిందే. మా టెక్సాస్‌లో దాని క్యూ పదేళ్లు దాటే ఉంటుంది. ఇంకో రాష్ట్రానికి ఉద్యోగం మారితే ఈ క్యూ మనతో రాదు, అక్కడ మళ్ళీ మొదటి నుంచీ. ఇది తెలీక మేము రెండుసార్లు మారాం.

పాలకొల్లు అక్క:

బాబాయ్ గారూ, ఆ రెండో పేరా బంగారం. మొదటిదే ఒప్పుకోను. ముద్ర భయమైతే, మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకి మా రాష్ట్రంలో ఆటిజం అన్న మాట అక్కర్లేదు. ఎదుగుదలలో ఏదో ఒక విషయంలో 33 శాతం, లేదా రెండింట్లో 25 శాతం వెనకబడి ఉంటే బడి సేవలు ఇస్తారు. పేరు తర్వాత పెట్టుకోవచ్చు. స్టెమ్ సెల్స్ అంటారా, ఆటిజానికి అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఒక్కదానికీ అనుమతి ఇవ్వలేదు. పొలం అమ్మి ఎక్కించినవాళ్ళని నేనూ చూశాను. ఏడాది తర్వాత పిల్లాడు ఎదిగాడు, ఎలాగూ ఎదిగేవాడే.

రామచంద్రపురం, ఎడిసన్‌లో స్పీచ్ థెరపిస్ట్:

ఇంట్లో తెలుగు మానెయ్యమన్న మాట ఇప్పటికీ మా క్లినిక్కుకి వచ్చే ప్రతి రెండో ఇంట్లో వింటున్నాను. మానొద్దండీ. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీద కెనడాలో చేసిన అధ్యయనం ఒకటి 2005లో వచ్చింది. రెండు భాషల మధ్య పెరిగినవాళ్ళ ఇంగ్లీషు, ఒక్క ఇంగ్లీషే విన్నవాళ్ళకంటే ఏమీ తీసిపోలేదు. ఆటిజం పిల్లల మీద తర్వాత చేసినవీ అదే చెప్పాయి. నేను చూసే తంటా ఇంకోటి. వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడాలంటే తల్లి మాటలు సగమైపోతాయి. "కమ్, ఈట్, నో" దగ్గర ఆగిపోతుంది. అదే తెలుగులో అయితే "ఇదిగో నాన్నా, పప్పులో నెయ్యి వేస్తున్నా, వేడిగా ఉంది, ఊదు ఊదు" అని ఆగకుండా చెప్తుంది. పిల్లాడికి కావాల్సింది ఆ వాగుడే. పరీక్ష కూడా వాడు ఇంట్లో వినే భాషలో చెయ్యాలని చట్టంలోనే ఉంది, అడగండి.

మీకు ఇంకో ప్రశ్న ఎదురవుతుంది: మేనరికమా అని. అవునైతే అవునని చెప్పండి, సిగ్గుపడకండి. మేనత్త మేనమామ పిల్లలు చేసుకుంటే పుట్టే పిల్లల్లో లోపాల అవకాశం మామూలు 2, 3 శాతం నుంచి 4, 6 దాకా వెళ్తుంది. అంటే నూటికి తొంభై నాలుగు మందికి ఏమీ ఉండదు. డాక్టరు అడిగేది ఎవరి వైపు నుంచి వచ్చిందో తేల్చడానికి కాదు, ఏ జన్యు పరీక్ష చెయ్యాలో తెలుసుకోడానికి. ఆ రిపోర్టు ఇంటికొచ్చాక తప్పు కోడలి మీద వెయ్యడం మనవాళ్ళు చేసే పని.

మామూలుగా క్రోమోజోమల్ మైక్రోఅర్రే, ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు పరీక్షలు రాస్తారు. "ఈ మార్పుకి అర్థం తెలీదు" అని ఫలితం వస్తే హడలిపోకండి. మనవాళ్ళకి అలా రావడం ఎక్కువ, ఎందుకంటే పోల్చి చూసుకోడానికి దాచిన నమూనాల్లో తెల్లవాళ్ళవే ఎక్కువ, మనవి తక్కువ. పరిశోధనలో చేరమని అడిగితే నేను చేరండనే అంటాను. ఆటిజం జన్యువుల మీద 2016లో మొదలైన స్పార్క్ అని ఒకటుంది, ఇంటికే కిట్టు పంపుతారు, లాలాజలం ఇస్తే చాలు. కానీ అది వైద్యం కాదు. చేరనంటే మీ సేవలు ఒక్కటీ ఆగవు. కాగితం మీద సంతకం పెట్టే ముందు పేర్లు ఎవరికిస్తారో అడగండి.

రట్గర్స్‌లో ఎదుగుదల లోపాల మీద పనిచేసే బాగ్స్ సెంటర్ ఉంది. ఇలాంటి యూనివర్సిటీ కేంద్రాలు ప్రతి రాష్ట్రంలోనూ ఉంటాయి. ఆ పేరు ఎలిజబెత్ బాగ్స్ అనే ఆవిడది. చదువుకుంది లెక్కలు, కొడుకు కోసం ఈ పనిలోకి వచ్చింది. 1950లో ఆర్క్ అనే తల్లిదండ్రుల సంస్థ పెట్టినవాళ్ళలో ఒకావిడ. బడి వాళ్ళతో పేచీ వస్తే మాత్రం స్పాన్ అనే వాళ్ళకి ఫోన్ చెయ్యండి. వాళ్ళు కూడా ఇలాంటి పిల్లల తల్లిదండ్రులే ఎక్కువ.

ఇన్సూరెన్స్ గురించి మీ ఆయన కంపెనీ వాళ్ళని ఒక్క మాట అడగండి: ప్లాను సెల్ఫ్ ఫండెడా, అంటే ఖర్చు కంపెనీయే సొంతంగా పెట్టుకునేదా? అవునంటే ఆటిజం థెరపీ ఇచ్చి తీరాలన్న రాష్ట్రం చట్టం దానికి వర్తించదు.

అమలాపురం, భవిత టీచర్:

నేను ప్రవాసిని కాదండీ, మా తమ్ముడు అక్కడుంటే ఈ గ్రూపులో చేరాను. భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలకి చెప్తాను. అమ్మా, పిలిస్తే తిరగట్లేదన్నారు. చెవి పరీక్ష చేయించారా? అందరూ ఇంత రాశారు, ఆ మాట ఎవరూ అనలేదు. పంటు మోత వినిపిస్తుందంటే చెవి బాగున్నట్టు కాదు, ఆ మోత కాళ్ళకి కూడా తెలుస్తుంది. ముందు అది తేల్చుకోండి. పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు మీ నాన్నగారి చేత ఫొటో తీయించి తెప్పించుకోండి. పచ్చకామెర్లు వచ్చాయా, పుట్టగానే ఏడ్చాడా, ఇవన్నీ అడుగుతారు.

మీ అమ్మగారి సంగతి. మా దగ్గర లంకల పిల్లలు జులై, ఆగస్టుల్లో వరదొస్తే వారాల తరబడి రారు. అప్పుడు చేసేదంతా ఇంట్లో మామ్మలే. కాబట్టి మామ్మలతో ఎలా చేయించాలో నాకు తెలుసు. ఫోన్లో "నమస్తే చెప్పు, నా పేరు చెప్పు" అని అడగొద్దనండి. ఎవరినైనా రేవుకి పంపి పంటు ఇంజను వీడియో తీయించండి. మీ అమ్మగారు అది చూపిస్తూ మధ్యలో ఆపాలి. ఆపి, "పంటు... పోదామా?" అని వాడి ముఖంలోకి చూస్తూ పది దాకా లెక్కపెట్టాలి, లోపల్లోపల. వాడు చూసినా, చెయ్యి కదిపినా, ఏ చప్పుడు చేసినా వెంటనే మళ్ళీ వెయ్యాలి. రోజూ అయిదు నిమిషాలు. ఆ పది లెక్కపెట్టడమే మామ్మలకి చాలా కష్టం, రెండుకే నోరు తెరిచేస్తారు.

ఎవరైనా ఇక్కడ సదరం వైకల్య సర్టిఫికెట్ తీయించు, నెలకి 6,000 పింఛను వస్తుందంటే ఇప్పుడు వినకండి. మీరు తిరిగొచ్చేస్తే అప్పుడు చూద్దాం. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది, నిరామయ అని లక్ష రూపాయల ఆరోగ్య బీమా కూడా ఉంది.

రాజోలు అమ్మాయి:

ఫోన్ చేశానక్కా. ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పాను. వచ్చే వారం గురువారం వస్తామన్నారు. బడికి ఉత్తరం కూడా పంపాను, తేదీ వేసి. ఫోన్లో ఆవిడ నిద్ర గురించే అడిగింది, "బాగానే" దాకా వచ్చేసి ఆగి, రాత్రి మూడింటికి లేస్తాడని చెప్పాను. చెవి పరీక్ష ఇంతవరకూ చేయించలేదు మేడం, రేపు డాక్టరుని అడుగుతాను. మాది మేనరికమే. డాక్టరు అది అడుగుతారన్న మాట మా ఆయనతో ఇంకా అనలేదు.

మా నాన్న పొద్దున్నే రేవుకి వెళ్తానంటున్నాడు. ఎంతసేపు తియ్యాలని అడుగుతున్నాడు.

అమలాపురం, భవిత టీచర్:

రెండు నిమిషాలు చాలమ్మా. అవతలి రేవు వచ్చేలోపే ఆపెయ్యమనండి. దిగడం మాత్రం తియ్యొద్దు.