ఓనర్ లేకుండా యూనిట్ నడిపినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీ అనుభవం కావాలి

కొత్తదారి
ఎనిమిదేళ్ళుగా యూనియన్ పనిలో ఉన్నాను. ధర్నాలు, సమ్మెలు, జీతం బకాయిల కేసులు. గెలిచినవీ ఉన్నాయి. గెలిచిన మర్నాడు మళ్ళీ అదే గేటు, అదే మేనేజర్. ఇప్పుడు మా కుట్టు యూనిట్ మూసేస్తామని నోటీసు అంటించారు. పదకొండు మందిమి కలిసి మెషీన్లు కొనుక్కుని కార్మిక సహకార సంఘంగా నడుపుదామనుకుంటున్నాం. సగం మంది మిత్రులు ఇది పోరాటం వదిలేయడమే అంటున్నారు. నడిపినవాళ్ళు చెప్పండి, దెబ్బ ఎక్కడ తగులుతుంది?

ప్రెస్‌మనిషి
తొమ్మిదేళ్ళు ప్రింటింగ్ ప్రెస్ నడిపాం, ఏడుగురం. మొదటి దెబ్బ డబ్బు వైపు నుంచి వస్తుందనుకున్నాం. ఒంటి వైపు నుంచి వచ్చింది. ఓనర్ ఉన్నప్పుడు టైం అవగానే మెషీన్ ఆపేవాళ్ళం, ఓటీ ఇవ్వకపోతే గొడవ పెట్టేవాళ్ళం. ప్రెస్ మనదయ్యాక రాత్రి పదకొండు దాటినా అడిగేవాడు లేడు. గొడవ పెట్టుకోవాలంటే ఎవరితో పెట్టుకోవాలి?

ఒక పెద్ద ఆర్డర్ మీద వరసగా నాలుగు రాత్రులు పనిచేశాం. నాలుగో రాత్రి కటింగ్ మెషీన్ దగ్గర మావాడికి నిలబడి ఉండగానే కళ్ళు మూతపడ్డాయి. బ్లేడు దిగుతుండగా పక్కనున్న ఆమె చెయ్యి పట్టి లాగింది. గోరు చివర తెగింది, వేలు దక్కింది. కాగితాల దొంతర మీద రెండు చుక్కల రక్తం పడింది, ఆ షీట్ చాలాకాలం గోడకి అంటించి ఉంచాం. మర్నాటి నుంచి రాత్రి ఏడింటికి మెయిన్ స్విచ్ ఆఫ్. తాళం వారానికొకరి దగ్గర. ఆర్డర్ డెడ్‌లైన్ ఒప్పుకునే ముందు మెషీన్ మీద నిలబడేవాళ్ళు సరేననాలి. మీరు ఈ రూల్ మొదటి రోజే పెట్టుకోండి.

పాతకాగితం
1844లో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో 28 మంది చిన్న సహకార దుకాణం తెరిచిన సంగతి అందరూ చెప్తారు. కల్తీ లేని సరుకు, మనిషికొక ఓటు, మిగులు పంపకం. దాని తర్వాత జరిగింది తక్కువమంది చెప్తారు. అదే ఊళ్ళో 1854లో సహకార నూలు మిల్లు పెట్టారు. లాభంలో పనివాళ్ళకీ వంతు ఉండేది. మిల్లు బాగా నడిచేసరికి వాటాలు కొన్న బయటివాళ్ళు ఎక్కువయ్యారు. 1862లో పనివాళ్ళ వంతు ఎత్తేశారు. మిల్లు బతికింది, సహకారం పోయింది. నష్టాల్లో మూతపడే సంఘాల గురించే మనం టెన్షన్ పడతాం. లాభాల్లో చేజారిపోయేవాటి గురించి నాకు ఇంకా ఎక్కువ భయం.

అందుకే బయటివాళ్ళ దగ్గర అప్పు తీసుకోండి గానీ ఓటు ఇవ్వకండి. మిగుల్లో కొంత ఎప్పటికీ పంచుకోకూడని నిధిగా రాసుకోండి. ఇంకో మాట, మూతపడే యూనిట్‌ని పనివాళ్ళే కొనుక్కోవడం కొత్తేమీ కాదు. ఇటలీలో 1985 నుంచి దానికి చట్టమే ఉంది. నిరుద్యోగ భృతిని ముందే ఒకేసారి తీసుకుని వాటాధనంగా పెట్టుకోవచ్చు.

లెక్కలు రాసేది
ఇళ్ళూ ఆఫీసులూ శుభ్రం చేసేవాళ్ళ సంఘంలో లెక్కలు రాశాను. బ్యాలెన్స్ షీట్ పంచితే సగంమంది మడిచి సంచిలో పెట్టుకునేవాళ్ళు. తప్పు వాళ్ళది కాదు. అందుకని నెలకోసారి బోర్డు మీద మూడు గడులు గీసి గట్టిగా చదివేదాన్ని: వచ్చింది, పోయింది, ఇంకా ఇవ్వాల్సింది. ఒకరోజు చదువురాని ఒక పెద్దామె లేచి, "ఇతర ఖర్చులంటే ఏంటమ్మా?" అని అడిగింది. గదిలో ఒక్కరూ జవాబు చెప్పలేకపోయారు, నాతో సహా. ఆ పద్దు ఆ రోజే తీసేశాం. ప్రతి ఖర్చుకీ దాని పేరు రాయాల్సిందే.

మూడో ఏడు ఇద్దరు సభ్యులు ఒకే నెలలో వెళ్ళిపోయారు. వాటాధనం వెంటనే ఇచ్చేయడంతో జీతాలకి డబ్బు లేకుండా పోయింది. వెళ్ళేవాళ్ళతో తగాదా ఏమీ లేదు. రూల్ లేకపోవడమే తప్పు.

ఎర్రమట్టి
మీ మిత్రుల అనుమానాన్ని కొట్టిపారేయకండి. స్పెయిన్‌లో మాండ్రగాన్ అనే కార్మిక సహకార సంఘాల గుంపు 1956లో మొదలై అంత పెద్దదైంది కదా. విదేశాల్లో వాళ్ళ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు సభ్యులు కారు, జీతగాళ్ళే. ఆ గుంపులోనే గృహోపకరణాలు చేసే ఫాగోర్ సంఘం 2013లో దివాలా తీసింది. మార్కెట్‌లో ఈదుతున్నంతకాలం దాని నీళ్ళు మన నోట్లోకీ వస్తాయి.

నా అనుభవం చెప్తాను. నేనున్న సంఘం ఆర్డర్ల కోసం రేటు బాగా తగ్గించింది. మన కష్టం మనదేగా అనుకున్నాం. మా రేటు చూపించి పక్క యూనిట్‌లో జీతాలు కోశారు. అక్కడి కార్మికుడు వచ్చి నా ముందు నిలబడి ఏమీ అనలేదు, చూసి వెళ్ళిపోయాడు. నేను తలెత్తలేకపోయాను.

ప్రెస్‌మనిషి
ఎర్రమట్టి గారూ, మీరన్నది నిజం. ఫాగోర్ కథలో ఇంకో సగం కూడా ఉంది. అది పోయినప్పుడు సభ్యుల్లో ఎక్కువమందిని గుంపులోని మిగతా సంఘాలు పనిలోకి తీసుకున్నాయి. మాకు అలాంటి తోడు ఎవరూ లేరు, పెద్ద మెషీన్ పాడయ్యాక ఏడాదిలో మూసేశాం.

అర్జెంటీనాలో 2001లో ఓనర్లు వదిలేసిన జనోన్ టైల్స్ ఫ్యాక్టరీని కార్మికులు నడిపారు. టైల్స్ ఆసుపత్రులకీ బస్తీలకీ ఉచితంగా ఇచ్చారు. ఖాళీ చేయించడానికి వచ్చినప్పుడు గేటు ముందు ఊరంతా నిలబడింది. కొత్తదారి గారూ, మీ మిత్రులకి ఇది చెప్పండి, సంఘం పెట్టాక కూడా పోరాటం గేటు దగ్గరే ఉంటుంది.

గడపదాటి
చిన్న మాట. మాకు లీడర్ లేడని చెప్పుకునేవాళ్ళం. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటే నిర్ణయం వాళ్ళది. మీటింగ్ అయ్యాక గది ఊడ్చేది ఎప్పుడూ అవే మూడు చేతులు, మూడూ ఆడవాళ్ళవి. పదవులకి పేరు పెట్టండి, గడువు పెట్టండి, చీపురుకి కూడా వంతు వేయండి.

కొత్తదారి
అందరికీ దణ్ణాలండీ. ఆదివారం కూర్చుంటున్నాం. రెండు రూల్స్ నేనే ముందుపెడతాను: ఎవరూ యూనియన్ సభ్యత్వం వదలకూడదు, యూనియన్ రేటుకి తక్కువగా ఆర్డర్ ఒప్పుకోకూడదు. లెక్కలు రాసే అక్కా, వాటాధనం రూల్ తర్వాత మీరు ఎలా రాసుకున్నారో ఆ పేరా ఇక్కడ పెడతారా?

లెక్కలు రాసేది
పెడతాను తమ్ముడూ. ఇదీ మేం రాసుకున్నది: "సభ్యులు వెళ్ళిపోతే వారి వాటాధనం మూడేళ్ళలో, ఆరు సమాన వాయిదాల్లో తిరిగి ఇవ్వాలి. ఏ వాయిదా అయినా ఆ నెల జీతాలు ఇచ్చాకే ఇవ్వాలి. జబ్బు చేసి వెళ్ళినవారికీ, చనిపోయినవారి కుటుంబానికీ ఈ గడువు లేదు, ముందు వారికే ఇవ్వాలి."