ఇబ్న్ ఖల్దూన్‌ని చదవాలంటే ఏ ప్రతితో మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. 1401లో తైమూరు సేనలు డమాస్కస్‌ను చుట్టుముట్టినప్పుడు 68 ఏళ్ల అరబ్ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ తాళ్ల సాయంతో కోటగోడ దిగి వెళ్లి అతన్ని కలిశాడు. తైమూరు ఉత్తరాఫ్రికా గురించి గుచ్చి గుచ్చి అడిగితే, ఆ వివరాలన్నీ రాసిచ్చాడు కూడా. ఆ ఘట్టం తెలిసిన దగ్గర్నుంచి ఈయన నన్ను వదలడం లేదు. కుర్రతనంలోనే ప్లేగు తల్లిదండ్రుల్నీ, ఎందరో గురువుల్నీ తీసుకెళ్లిపోయింది. అలాంటి మనిషి 1377లో తన చరిత్ర గ్రంథానికి పీఠికగా ‘ముఖద్దిమా’ రాస్తూ, ఒక రాజవంశం ఎలా పైకొస్తుందో, మూడు తరాల్లో, అంటే సుమారు 120 ఏళ్లలో, ఎందుకు చితికిపోతుందో విడమరిచాడు.

నాకు అరబీ రాదు. ఇంగ్లిష్‌లో రోజెంతాల్ చేసిన మూడు సంపుటాల అనువాదం ఉంది, దాని సంక్షిప్త ప్రతీ ఉంది. పన్నులు, చేతివృత్తుల భాగాలే నాకు ముఖ్యం. సంక్షిప్తంలో అవి సరిగ్గా మిగిలాయా? రెండూ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఈయన మీద తెలుగులో మంచి వ్యాసం ఉన్నా పేరు చెబుదురూ.