తుపాను వస్తే మా రెండు నెట్ కనెక్షన్లూ ఒకేసారి పోతున్నాయి, ఏం చెయ్యాలి?

అమలాపురం పద్దులు

నమస్కారం అండి. అమలాపురంలో మాది చిన్న ట్యాక్స్ ఆఫీసు. నాతో కలిపి ఐదుగురం. కొబ్బరి వ్యాపారులు, రైసు మిల్లులు, రొయ్యల మేత డీలర్లు మా క్లయింట్లు.

మొంథా తుపాను 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకేమో టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే మినహాయించి కట్టే పన్ను) రెండో క్వార్టర్ రిటర్న్‌ల గడువు అక్టోబర్ 31. ఎంట్రీలన్నీ ముందే అయిపోయాయి. సైటు నుంచి చలాన్ల సీఎస్‌ఐ ఫైలు (పన్ను కట్టిన వివరాలు ఉండేది) దించుకుని, వ్యాలిడేట్ చేసి, అప్‌లోడ్ చెయ్యడమే మిగిలింది. ఆ కాస్త పనికే నెట్ కావాలి. 28 మధ్యాహ్నం రెండు నెట్ డబ్బాల మీదా ఎర్ర లైటు వచ్చింది. ఇలాంటి రోజు కోసమే రెండు వేర్వేరు కంపెనీల కనెక్షన్లు పెట్టుకుని నెలనెలా రెండింటికీ కడుతున్నాను. అరగంట తేడాలో రెండూ పోయాయి. ఫోన్‌లో సిగ్నల్ గీతలు కనిపిస్తున్నాయి కానీ పేజీ తెరుచుకోదు.

30 సాయంత్రం మా కుర్రాడు ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, బైకు మీద రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళి, తెలిసినవాళ్ళ ఆఫీసులో కూర్చుని పద్నాలుగు రిటర్న్‌లు వేశాడు. విరిగిన చెట్ల మధ్య వాణ్ణి పంపినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. మిగిలిన తొమ్మిదీ నవంబర్ 3న వేశాం. ఒక్కోదానికి రోజుకు 200 చొప్పున మూడు రోజుల లేటు ఫీజు, మొత్తం 5,400. నేనే కట్టాను. క్లయింట్లు కాగితాలు 20వ తేదీకే ఇచ్చేశారు, వాళ్ళ తప్పేముంది?

పాతిక వేల దాకా పెట్టగలను. మూడో కనెక్షన్ తీసుకోవాలా, డిష్ లాంటిది ఏమైనా పెట్టించాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఫైబర్ పని, భీమవరం

మేడం, మూడో కనెక్షన్‌కి డబ్బు కట్టకముందు ఒక పని చెయ్యండి. ఎండ కాసే రోజు చూసుకుని, మీ రెండు వైర్లూ ఎటు పోతున్నాయో తల పైకెత్తి చూస్తూ నడవండి. రెండూ ఒకే కరెంటు స్తంభాల మీద పోతుంటే, బిల్లులు రెండైనా మీకున్నది ఒకటే దారి. మన వైపు ఒక్క కొబ్బరి చెట్టు పడితే చాలు, స్తంభం వాలి దాని మీదున్న కేబుళ్ళన్నీ తెగుతాయి. తుపాను వెళ్ళాక చెట్లు తీసే జేసీబీలు ఇంకొన్ని తెంపుతాయి, అది నేను ప్రతిసారీ చూసేదే.

రెండోది కరెంటు. తీరం దాటే ముందు ప్రమాదాలు జరగకూడదని సరఫరా ఆపేస్తారు. వీధిలో ఫైబర్‌ని ఇళ్ళకు పంచే స్ప్లిటర్‌కి కరెంటు అక్కర్లేదు. కంపెనీ వాళ్ళ గదిలో ఉండి అందరి ఫైబర్లకూ సిగ్నల్ పంపే యంత్రం, ఓఎల్‌టీకి మాత్రం కావాలి. అక్కడ బ్యాటరీ అయిపోతే కేబుల్ బాగానే ఉన్నా మీ దగ్గర ఎర్ర లైటే వెలుగుతుంది. కాబట్టి కనెక్షన్ ఇచ్చినవాళ్ళను స్పీడు సంగతి తర్వాత అడగండి. ఓఎల్‌టీ ఎక్కడ ఉంది, అక్కడ జనరేటర్ ఉందా, డీజిల్ ఎవరు పోస్తారు, ఇవి ముందు అడగండి. జవాబు చెప్పలేని కంపెనీ కనెక్షన్ నేనైతే తీసుకోను.

ఇంకో మాట. సెప్టెంబర్‌లోనే కనెక్షన్ కంపెనీ కుర్రాణ్ణి పిలిచి పవర్ మీటర్‌తో ఫైబర్‌లో వచ్చే లైట్ ఎంతుందో డీబీఎంలలో కొలిపించండి. మైనస్ అంకె పెరిగేకొద్దీ లైట్ బలహీనం. మైనస్ 20, 22 ఉంటే నిశ్చింత. మైనస్ 26 చూపిస్తుంటే ఈరోజు నెట్ వస్తుంది కానీ, ఎక్కడో జాయింట్ బాక్సులోకి నీళ్ళు దిగినా, గాలికి వైరు మడత పడినా లింకు పోతుంది. స్తంభం నుంచి మీ గోడ దాకా వచ్చే డ్రాప్ వైరులో స్టీలు తీగ ఉంటే పిడుగు పడినప్పుడు దాని వెంట షాక్ లోపలికి రావచ్చు. లోహం లేని రకం అడిగి వేయించుకోండి.

అమలాపురం పద్దులు

నడిచి చూశానండి. మీరన్నట్టే ఉంది. మా వీధి నుంచి కాలవ గట్టు దాకా రెండూ ఒకే స్తంభాల మీద, ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. ఇన్నాళ్ళూ తల ఎత్తి చూడలేదు. మరి ఫోన్‌లో సిగ్నల్ ఉండి కూడా నెట్ ఎందుకు రాలేదు?

ఫైబర్ పని, భీమవరం

టవర్ పని చేస్తూ ఉండి ఉంటుంది, టవర్‌కి వచ్చే ఫైబర్ తెగి ఉంటుంది. చాలా టవర్లకూ ఫైబరే ఆధారం మేడం. అందుకే సిమ్ మీద ఆధారపడితే రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉండాలి, రెండూ రీఛార్జ్ అయి ఉండాలి. బయట యాంటెనా పెట్టుకునే వీలున్న 4జీ రౌటర్ తీసుకోండి, దూరంగా ఉన్న ఇంకో టవర్ అందుతుందేమో తిప్పి చూడొచ్చు. పెద్ద తుపానులప్పుడు టెలికాం శాఖ ఒక కంపెనీ సిమ్ ఇంకో కంపెనీ టవర్ మీద పనిచేసేలా రోమింగ్ తెరిపిస్తుంది. అప్పుడు ఫోన్‌లో నెట్‌వర్క్ ఆటోమేటిక్ తీసేసి, చేత్తో ఎంచుకుని చూడండి.

వైజాగ్ వీశాట్

డిష్ సంగతి నేను చెప్తాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను ఏటీఎంలకు ఉపగ్రహం ద్వారా నెట్ ఇచ్చే వీశాట్ డిష్‌లు చూసే పనిలో ఉన్నాను. కేబుల్ తెగే బాధ లేదు కదా, మనవి నిలబడతాయి అనుకున్నాను. గాలికి డిష్‌లు పక్కకు తిరిగిపోయాయి. ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, ఒకటి రెండు డిగ్రీలు పక్కకు జరిగినా లింకు లేనట్టే. విరిగినవాటి కంటే ఇలా తిరిగినవే ఎక్కువ. ఒక్కో డాబా ఎక్కి మళ్ళీ సరిచూసి బిగించడానికి రోజులు పట్టింది. మీటరు చేతిలో ఉన్న మనిషి మీ ఊరు చేరేదాకా మీరేం చెయ్యలేరు. పైగా డిష్ వాడే తరంగాలు కేయూ బ్యాండ్‌వి అయితే కుండపోత వానలో సిగ్నల్ పడిపోతుంది. మీలాంటి ఆఫీసుకి వద్దండి. ఆ డబ్బు బ్యాటరీ మీద పెట్టండి.

బ్యాటరీ లెక్క కూడా చెప్తాను. ఇన్వర్టర్‌కి 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే చేతికొచ్చేది సుమారు 1,300 వాట్-అవర్లు. ఫ్యాన్లు, లైట్లు, కంప్యూటర్లు అన్నీ దాని మీదే వేస్తే మూడు నాలుగు గంటల్లో ఖాళీ. నెట్ డబ్బా, రౌటర్ కలిపి తినేది 20 వాట్లే. ఆ రెండింటికీ 12 వోల్టుల చిన్న యూపీఎస్ విడిగా పెట్టండి, పెద్ద బ్యాటరీని ల్యాప్‌టాప్‌ల ఛార్జింగ్‌కి దాచుకోండి. డెస్క్‌టాప్‌లు ఆ రోజు ముట్టుకోవద్దు.

గుంటూరు అకౌంటెంట్

అక్కా, మీ బాధ నాకు బాగా తెలుసు. వైర్ల గురించి వాళ్ళు చెప్పారు, నేను పని గురించి చెప్తాను. మీ ఆఫీసులో నెట్ ఉన్నా క్లయింట్ ఊళ్ళో టవర్ లేకపోతే ఓటీపీ రాదు, రిటర్న్ ఆగుతుంది. వాతావరణ శాఖ 72 గంటల ముందే తొలి హెచ్చరిక ఇస్తుంది. ఆ రోజు మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఓటీపీ కావాల్సినవి ముందు పూర్తి చేస్తాను. మీ సీఎస్‌ఐ ఫైళ్ళూ అంతే, చలాను కట్టి బ్యాంకు నుంచి ఎక్కిన వెంటనే దించి పెట్టుకోవాల్సింది. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీ డేటా ఒక డ్రైవ్‌లో తీసుకుని, ఇద్దరు స్టాఫ్‌ని గాలి మొదలవ్వకముందే బస్సులో ఊరు దాటించండి. ఆ బాబు గాలివాన తర్వాత బైకు మీద వెళ్ళాల్సిన అవసరం రాకూడదు.

అమలాపురం పద్దులు

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఏం చేశానో చెప్తాను. రెండింటిలో ఒక కనెక్షన్ తీసేశాను. బస్టాండు వైపు నుంచి భూమిలో ఫైబర్ వేసిన ఇంకో కంపెనీ మా వెనక వీధి దాకా వచ్చింది, వాళ్ళ గదికి వెళ్ళి జనరేటర్ కళ్ళారా చూసి మరీ తీసుకున్నాను. లైట్ మైనస్ 21 ఉంది. రెండు సిమ్‌లు, యాంటెనా ఉన్న రౌటర్, చిన్న యూపీఎస్ కలిపి పద్దెనిమిది వేలయింది.

పోయిన ఆదివారం ఆఫీసు మెయిన్ ఆపేసి, రెండు ఫైబర్లూ పీకేసి, సిమ్ మీదే ఒక రిటర్న్ పంపి చూశాం. వెళ్ళింది. యూపీఎస్ ఐదు గంటల పది నిమిషాలు నిలబడింది. రాజమండ్రిలో ఆ ఆఫీసు వాళ్ళతోనూ మాట్లాడాను, తుపాను రోజుల్లో రెండు కుర్చీలు ఇస్తామన్నారు. మా కుర్రాడు మాత్రం ఈసారి ముందు రోజే బస్సులో వెళ్తాడు.