నున్నటి గచ్చు మీద ర్యాంపులు జారుతున్నాయి, ఫోర్ లో (4L) గేరు వేసి ఎక్కించవచ్చా?

ఆయిల్ మార్చడానికి థార్ ఫోర్ బై ఫోర్ మాన్యువల్ బండి ముందు చక్రాలను ఇనుప ర్యాంపుల మీదికి ఎక్కించాలి. టూ హైలో (2H, ఇంజను బలం వెనక చక్రాలకే అందే మామూలు స్థితి) వెనక చక్రాలు నెడుతుంటే, ముందు టైర్లు అంచుకు తగలగానే ర్యాంపులు కిర్రుమంటూ గోడవైపు జరిగిపోతున్నాయి. రెండూ సమానంగా జరగవు, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. అసలు భయం అదే.

ఫోర్ లో (నాలుగు చక్రాలకూ బలం అంది, బండి చాలా నెమ్మదిగా కదిలే స్థితి), ఫస్ట్ గేరులో, స్టీరింగ్ నిటారుగా పట్టి, యాక్సిలరేటర్ తొక్కకుండా పాకిస్తే ముందు చక్రాలు కూడా లాగుతాయి. అప్పుడు ర్యాంపు వెనక్కి, బండి కిందికి తన్నుకొస్తుందా?

ర్యాంపు కింద నుంచి టైరు కిందిదాకా రబ్బరు షీటు పరిస్తే బండి బరువే దాన్ని తొక్కిపట్టాలి. ఎన్ని మిల్లీమీటర్ల మందం కావాలి? లేక గోడకూ ర్యాంపుకూ మధ్య చెక్క దిమ్మె బిగించడమే మేలా? ఎక్కాక హ్యాండ్‌బ్రేకు, గేరు, వెనక చక్రాలకు రెండువైపులా అడ్డు చెక్కలు ఎలాగూ ఉంటాయి. చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.