ఐదు సీన్ల కథ, 4 నిమిషాల పాట: వరసగా చెప్పాలా, ముందువెనకలుగా చెప్పాలా?

ప్రశ్న (గోదారిగట్టు):
సొంతంగా చేస్తున్న పాట అండీ. సరిగ్గా 4 నిమిషాలు, 96 బీపీఎం (నిమిషానికి 96 బీట్లు), బార్‌కి నాలుగు బీట్లు. అన్నాచెల్లెళ్ళ కథ. అన్న సెకండ్‌హ్యాండ్ స్కూటర్ కొనుక్కొస్తాడు. చెల్లెల్ని రోజూ కాలేజీ దగ్గర దింపుతాడు. ఇంట్లో తండ్రితో గొడవ. అన్న బస్సెక్కి వెళ్ళిపోతాడు. కొన్నేళ్ళకి చెల్లెలు ఆ స్కూటర్ని బాగుచేసి నడుపుతుంది. ఫోన్లో ట్రయల్ తీసి వరసగా అతికిస్తే చప్పగా ఉంది. సీన్లు అటూఇటూ మారిస్తే ఏది ముందో ఏది వెనకో చూసినవాళ్ళకి అర్థం కాలేదు. పల్లవిలో సింగర్‌ని స్లోమోషన్‌లో చూపించాలని కూడా ఉంది, కానీ పెదాలు కలవడం లేదు. షూటింగ్‌కి రెండు రోజులే దొరికాయి. ఎలా చేస్తే బాగుంటుంది?

జవాబు (పేపర్‌ఎడిట్):
వరసా, ముందువెనకలా అన్నది తేల్చే ముందు, చూసేవాడి మనసులో ఏ ప్రశ్న నడవాలో తేల్చుకోండి. వరసగా చెబితే నడిచేది "తర్వాత ఏమవుతుంది?" అనే ప్రశ్న. మీ కథలో గొడవ మొదలవగానే అన్న వెళ్ళిపోతాడని తెలిసిపోతుంది, అక్కణ్ణించి చూడ్డానికి ఏమీ మిగలదు. అందుకే చప్పగా వచ్చింది. అదే దుమ్ముపట్టిన స్కూటర్‌తో మొదలుపెడితే "ఇదెవరిది? ఎందుకు మూలన పడింది?" అని అడుగుతాడు. మీ కథకి ఈ ప్రశ్నే బలం.

కానీ ఐదు ముక్కల్నీ పేకముక్కల్లా కలపకండి. రెండు పాయలు చాలు. ఒకటి ప్రస్తుతం: చెల్లెలు స్కూటర్ బాగుచేయడం. రెండోది గతం. ఏ పాయకి ఆ పాయ వరసగానే నడవాలి, రెండూ ఒకదాన్నొకటి కోసుకుంటూ పోవాలి. చూసేవాడు తప్పిపోయేది మూడో కాలం వచ్చినప్పుడు, లేదా ఒకే పాయలో వరస తిరగబడినప్పుడు.

ఇంకో మాట, నా దృష్టిలో ఇదే అసలు కీలకం. సినిమాకి లేని సౌకర్యం పాటకి ఒకటుంది: పల్లవి తిరిగొస్తుంది. పల్లవి వచ్చిన ప్రతిసారీ ప్రస్తుతానికి రండి. ఒకసారి అలవాటైతే కన్ను గుర్తుపట్టే లోపే చెవి కాలాన్ని పట్టేస్తుంది. పైగా అదే పల్లవి మొదటిసారి విన్నప్పుడు ఒక అర్థం, గొడవ చూశాక విన్నప్పుడు ఇంకో అర్థం ఇస్తుంది.

మీ టెంపోలో ఒక బార్ 2.5 సెకన్లు, అంటే పాట మొత్తం 96 బార్లు. మామూలు కట్టుబడి ప్రకారం ఇలా పంచుకోవచ్చు, మీ పాటని బట్టి సర్దుకోండి:

ఇంట్రో, 8 బార్లు, 20 సెకన్లు: ప్రస్తుతం. చెల్లెలు కవర్ లాగుతుంది.
పల్లవి, 16 బార్లు, 40 సెకన్లు: ప్రస్తుతం, మధ్యలో సింగర్. కిక్ కొడుతుంది, స్టార్ట్ కాదు.
మొదటి ఇంటర్‌లూడ్ (మాటల్లేని వాయిద్యం), 12 బార్లు, 30 సెకన్లు: స్కూటర్ ఇంటికొచ్చిన రోజు.
మొదటి చరణం, 16 బార్లు, 40 సెకన్లు: కాలేజీ రోజులు.
పల్లవి, 8 బార్లు, 20 సెకన్లు: ప్రస్తుతం. స్పార్క్‌ప్లగ్ విప్పుతుంది.
రెండో ఇంటర్‌లూడ్, 12 బార్లు, 30 సెకన్లు: గొడవ. సాహిత్యం ఉండదు కాబట్టి నటనకి చోటు దొరుకుతుంది.
రెండో చరణం, 16 బార్లు, 40 సెకన్లు: బస్సు, ఖాళీ అయిన ఇల్లు.
చివరి పల్లవి, 8 బార్లు, 20 సెకన్లు: ఇంజన్ అందుకుంటుంది.

మొదటి 20 సెకన్లలో షెడ్డు గోడలూ ఆకాశమూ చూపిస్తూ కూర్చోకండి. యూట్యూబ్ స్టూడియోలో (వీడియో పెట్టినవాళ్ళకి లెక్కలు చూపే పేజీ) 30వ సెకను దగ్గర ఎంత శాతం మంది మిగిలారో విడిగా చూపిస్తుంది. ఆలోపు స్కూటర్, చెల్లెలి ముఖం, స్టార్ట్ కాని కిక్ పడిపోవాలి.

జవాబు (కంటిన్యుటీ):
పై లెక్క బాగుంది. దానికి కాలం గుర్తులు తోడవ్వాలి. గతానికి పసుపు రంగు, ప్రస్తుతానికి నీలం రంగు వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఎండలో, బ్రైట్‌నెస్ తగ్గించిన ఫోన్లో చూసేవాడికి ఆ తేడా కనపడదు. రంగు సాయం మాత్రమే చేయాలి, పని వస్తువు చేయాలి.

ఆ వస్తువు మార్పు వెనక్కి పోలేనిదై ఉండాలి. పగిలిన అద్దం అతుక్కోదు. కొన్న రోజు స్కూటర్‌కి రెండు అద్దాలూ ఉంటాయి. గొడవలో ఎడమ అద్దం పగులుతుంది. ప్రస్తుతంలో ఆ అద్దం ఉండదు, కాడ మాత్రమే మిగులుతుంది. ఇలా చేస్తే ఏ షాట్ ఎక్కడ పెట్టినా వరస చూసేవాడే కట్టుకుంటాడు. బట్టలు మార్చడం దీనికి సాటి రాదు, ఎందుకంటే బట్టలు రోజూ మారతాయి.

షూటింగ్ వరస కథ వరసలో ఉండదు, జాగ్రత్త. బస్సెక్కే రోజుకి అన్నకి గడ్డం ఉండాలనుకుంటే గడ్డం సీన్లు ముందు తీసి, తర్వాత గీయించి కొన్న రోజు, కాలేజీ రోజులు తీయాలి. అద్దానికి మాత్రం ఉల్టా వరస కావాలి. కాబట్టి అదే మోడల్ అద్దాలు కనీసం మూడు దగ్గరుంచుకోండి: ఒకటి పగలగొట్టడానికి, ఒకటి టేక్ పాడైతే, ఒకటి గతానికి. దుమ్ముకి ముల్తానీ మట్టి జల్లెడ పట్టి చల్లితే తెర మీద చక్కగా కనిపిస్తుంది, కడిగితే పోతుంది. సిమెంట్ వాడకండి, తడి తగిలితే పట్టేస్తుంది. దుమ్ము షాట్లు రెండో రోజు చివర్లో పెట్టుకోండి.

ఒక కాగితం మీద ప్రతి షాట్‌కీ ఈ గళ్ళు గీయండి: షాట్ నంబరు, ఏ పాయ, ఎన్నో బార్ నుంచి ఎన్నో బార్ దాకా, ఎడమ అద్దం స్థితి, గడ్డం, స్కూటర్ మీద దుమ్ము, వెలుగు ఎటునుంచి. అసిస్టెంట్ ఒకరు ప్రతి టేక్ ముందూ ఆ గళ్ళు చూసి గట్టిగా చదవాలి. ఎడిట్‌లో రక్షించలేని తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి.

జవాబు (సౌండ్‌రోల్):
స్లోమోషన్ సంగతి. మామూలు వేగంలో పాడించి, ఎడిట్‌లో నెమ్మది చేస్తే పెదాలు ఎప్పటికీ కలవవు. లొకేషన్‌లోనే పాటని వేగంగా వేయాలి. మీ వీడియో సెకనుకి 24 ఫ్రేములైతే:

48 ఫ్రేముల్లో తీస్తే పాట 200 శాతం వేగం (192 బీపీఎం).
36 ఫ్రేముల్లో తీస్తే 150 శాతం (144 బీపీఎం).
30 ఫ్రేముల్లో తీస్తే 125 శాతం (120 బీపీఎం).

తర్వాత ఆ ఫుటేజ్‌ని 24కి మారిస్తే పెదాలు అసలు పాటతో కలుస్తాయి. తెలుగులో అచ్చులు సాగుతాయి, హల్లులు గబగబా వస్తాయి. అందుకే 200 శాతంలో చాలామంది సింగర్లు అక్షరాలు మింగేస్తారు. పల్లవి నింపాదిగా ఉంటే 150, మాటలు దట్టంగా ఉంటే 125 మంచిది. ఫోన్లో 36 ఆప్షన్ లేకపోతే 30తో సరిపెట్టుకోండి, ఆ మాత్రం తేలికదనమే చాలాసార్లు అందంగా ఉంటుంది. వేగం మార్చిన ప్రతి ఫైలు ముందూ అదే వేగంలో నాలుగు క్లిక్కులు పెట్టండి, సింగర్ సరైన చోట పాట ఎత్తుకుంటారు.

మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్ వెలుగులో 24కైనా 30కైనా షట్టర్ స్పీడు 1/50 సెకను పెట్టండి, 48కి 1/100. లేకపోతే తెర మీద చారలు పారతాయి. స్పీకర్ సింగర్ పక్కనే ఉండాలి. శబ్దం 14 మీటర్లు దాటేసరికి ఒక ఫ్రేము ఆలస్యమవుతుంది. ఫోన్ ఫుటేజ్‌లో ఫ్రేము రేటు మారుతూ ఉంటుంది, ఎడిట్‌కి ముందే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేము రేటుకి మార్చుకోండి. పాట మొదట్లో పెదాలు కలిసి చివర్లో తప్పుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

గోదారిగట్టు:
చాలా థాంక్స్ అండీ. రెండు సందేహాలు. మొత్తం వీడియోని వెనక్కి నడిపితే ఎలా ఉంటుంది, కోల్డ్‌ప్లే బ్యాండ్ పాట 'ది సైంటిస్ట్' వీడియో లాగా? ఇంకోటి, కాలం మారే కట్ ఎక్కడ పడాలి?

పేపర్‌ఎడిట్:
ఆ వీడియోలో బ్యాండ్ సింగర్ క్రిస్ మార్టిన్ సాహిత్యం మొత్తం తిరగేసి పలకడం నేర్చుకున్నాడు, తీసింది తిప్పేస్తే పెదాలు కలిసేలా. మీకున్న రెండు రోజుల్లో అయ్యే పని కాదు. అదీగాక ఉల్టా కదలికకి ఒక గుణం ఉంది: ప్రమాదాన్ని వెనక్కి తిప్పితే మనసు పిండేస్తుంది, మనుషుల గొడవని వెనక్కి తిప్పితే నవ్వొస్తుంది. చేయి ఎత్తడం, ఏడవడం, నడక, అన్నీ బొమ్మలాటలా కనిపిస్తాయి. మీ కథ గొడవ మీద నిలబడింది. కావాలంటే ఒక్క షాట్ ఉల్టా పెట్టండి: నేల మీది అద్దం పెంకులు ఎగిరి కాడకి అతుక్కోవడం, రెండో చరణం ఆఖరి బార్‌లో.

కట్ విషయానికొస్తే, 24 ఫ్రేముల టైమ్‌లైన్‌లో మీ బీట్ సరిగ్గా 15 ఫ్రేములు, బార్ 60. కొన్ని కెమెరాలు 24 అని చెప్పి 23.976 తీస్తాయి, అప్పుడు టైమ్‌లైన్ కూడా అదే పెట్టండి. కాలం మారే కట్ ఎప్పుడూ బార్ మొదటి బీట్ మీదే పడాలి. ఒకే కాలంలో ఉన్న కట్లు మాత్రం బీట్ మీద పెట్టకుండా చూపుని బట్టి, చేయి కదలికని బట్టి పెట్టండి. అన్నీ బీట్ మీదే కోస్తే కాలం మారిన కట్‌కి ప్రత్యేకత పోతుంది.

మొదటి కాలం మార్పుకి ఒకే కదలికని వాడుకోండి. చెల్లెలి కాలు కిక్ మీద పడుతుంది, కట్, అన్న కాలు అదే కిక్‌ని కిందికి తొక్కుతుంది. కెమెరా ఎత్తు, లెన్స్, కాలు ఫ్రేములో ఉండే చోటు రెండింటిలోనూ ఒకటే ఉండాలి. మొదట తీసిన షాట్‌ని మానిటర్ మీద సగం పారదర్శకంగా పెట్టుకుని రెండోది అమర్చండి. ఫోనైతే స్క్రీన్ మీద మార్కర్‌తో కాలి చుట్టూ గీత గీసినా చాలు. ఇద్దరి చెప్పులూ వేరుగా ఉండాలి, లేదంటే కాలం మారినట్టు తెలియదు.

కంటిన్యుటీ:
ఒకటి కలుపుతాను. ఈ చర్చ చదివి అందరూ వరస చెడగొట్టనక్కర్లేదు. సాహిత్యమే సంఘటనల్ని ఒకదాని తర్వాత ఒకటి చెబుతుంటే, లేదా బావామరదళ్ళ ప్రశ్నాజవాబుల జానపదమైతే, వరసగానే తీయండి. మాట ఒక కాలంలో, బొమ్మ ఇంకో కాలంలో ఉంటే రెండూ చెడతాయి. గోదారిగట్టు గారి పాటలో సాహిత్యం సంఘటనలు చెప్పడం లేదనుకుంటున్నాను. చెబుతుంటే ఆ చరణాలు ఇక్కడ పెట్టండి, పంపకం మళ్ళీ చూద్దాం.

రఫ్ కట్ (తొలి ఎడిట్) అయ్యాక ఒక పరీక్ష పెట్టండి. కథ తెలియని ముగ్గురికి సౌండ్ ఆపి ఒక్కసారి చూపించండి. ఐదు సీన్ల నుంచి ఐదు ఫొటోలు ప్రింట్ తీసి కలిపి ఇచ్చి, జరిగిన వరసలో పెట్టమనండి. ముగ్గురూ ఒకే చోట తప్పితే అక్కడ గుర్తు చాలలేదన్నమాట, ఆ అతుకు దగ్గర అద్దం క్లోజప్ ఒకటి, కనీసం 30 ఫ్రేములు, కలపండి. ఈ క్లోజప్‌లు మూడు స్థితుల్లోనూ ముందే తీసి పెట్టుకోండి. షూటింగ్ రోజు పది నిమిషాల పని, తర్వాతైతే స్కూటర్ మళ్ళీ అద్దెకి తేవాలి.