వీణలో ఎంఏ: తిరుపతిలోనే చదవాలా, మద్రాసు వెళ్లాలా?

వీణ విద్యార్థిని, తిరుపతి:
పెద్దలకు నమస్కారం. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకున్నాను. డిగ్రీ కూడా పూర్తయింది. ఇంటి పట్టున ఉండి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎంఏ సంగీతం చేయమని అమ్మానాన్నలు అంటున్నారు. కచేరీలు చేయాలంటే మద్రాసు వెళ్లక తప్పదని మా గురువుగారు అంటున్నారు. నా కోరిక కచేరీలే. ఏ దారి మంచిది?

మృదంగ కళాకారుడు, తిరుపతి:
మీ గురువుగారు చెప్పిందే సరైనదమ్మా. సంగీతంలో సగం విద్య వినికిడి వల్ల వస్తుంది. 1928లో ఏర్పడిన మ్యూజిక్ అకాడమీ మొదలుకొని మద్రాసులోని సంగీత సభలెన్నో డిసెంబరులో ఉదయం నుంచి రాత్రి దాకా కచేరీలు పెడతాయి. ఒకే రాగాన్ని నలుగురు విద్వాంసులు నాలుగు తీర్లుగా ఆలపించడం వారం తిరగకుండా వినే అవకాశం మన ఊళ్లో లేదు. పుంగనూరులో పుట్టిన గాయకులు చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లైగారు కూడా పొరుగు నేలకు వెళ్లి కాంచీపురం నైనా పిళ్లైగారి వద్ద శిష్యరికం చేసినవారే; 1954లో మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు పొందారు.

వీణ ఉపాధ్యాయురాలు, చిత్తూరు:
అన్నగారి అనుభవాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. పిళ్లైగారు గురువును వెతుక్కుంటూ వెళ్లారు. నైనా పిళ్లైగారి దగ్గరికి పట్టా కోసం ఎవరూ వెళ్లలేదు. నేను ఊరి పేరు చూసి ఒక పెద్ద నగరంలో ఎంఏలో చేరాను. తరగతిలో పన్నెండు వీణలు ఒకేసారి మోగేవి. తోడి రాగ వర్ణంలో రిషభం (రి) మెట్టు మీద తీగను పక్కకు లాగి పై స్వరమైన గాంధారం (గ) పలికించేటప్పుడు నా తీగ చాలినంత సాగేది కాదు. ఆ కొరత తక్కిన పదకొండు వీణల నాదంలో కలిసిపోయేది కనుక రెండేళ్లపాటు ఎవరి చెవినా పడలేదు. ఊరికి తిరిగివచ్చిన మొదటి రోజే మా పాత గురువుగారు నా ఎడమచేతి వేలు పట్టుకొని, తీగను ఇంకొంచెం లాగించి, "ఇక్కడిదాకా రావాలి" అన్నారు.

అందుకే ఎక్కడ చేరినా వారానికి ఎన్ని గంటలు ఒక్కరినే కూర్చోబెట్టి చెబుతారో, మృదంగంతో సాధన ఎంత ఉంటుందో, చివరి పరీక్షలో కచేరీకి ఎన్ని మార్కులో ముందే అడుగు తల్లీ. తిరుపతిలో మరొక మేలు ఉంది. అన్నమయ్య రాగిరేకుల మీద సాహిత్యమూ రాగం పేరూ ఉన్నాయి గాని స్వరలిపి లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటివారు వాటికి కొత్తగా వరుసలు కట్టవలసి వచ్చింది. మాట బరువును బట్టి రాగాన్ని నడిపే ఆ పనిని దగ్గరగా చూస్తే మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు సొంతంగా రాగాన్ని అల్లడానికి, అంతకు మించిన పాఠం ఉండదని నా నమ్మకం. కళాశాలలో అధ్యాపక ఉద్యోగం మాటకొస్తే, 55 శాతం మార్కులతో పీజీ, నెట్ అనే అర్హత పరీక్ష అన్నది అందరూ వెళ్లే దారి. డిగ్రీ ఉండి, పేరున్న గురువుల వద్ద నేర్చి, ఆకాశవాణి 'ఏ' గ్రేడు పొందిన కళాకారులకు యూజీసీ 2018 నిబంధనల్లో వేరే దారి కూడా ఉంది.

మృదంగ కళాకారుడు, తిరుపతి:
అలాగైతే పట్టా ఇక్కడ, గురువు అక్కడ. శనివారం మద్రాసు వెళ్లే సప్తగిరి రైలు ఎక్కితే సరిపోతుంది. డిసెంబరు మాత్రం అక్కడే గడపాలి; ఆ మాట వదులుకోను.

వీణ ఉపాధ్యాయురాలు, చిత్తూరు:
దానికి ఒప్పుకుంటాను. అయితే రద్దీలో వీణ మోసుకెళ్లవద్దు. పాఠానికి గురువుగారింట్లోనే ఒక వీణ ఉందో లేదో కనుక్కో.

వీణ విద్యార్థిని, తిరుపతి:
ధన్యవాదాలండీ. సోమవారం అనుమతి అడిగి ఇక్కడి వీణ తరగతిలో ఒక పూట కూర్చుంటాను. ఈ సాయంత్రం మాత్రం మా గురువుగారి ఎదుట తోడి గాంధారం ఒక్కటే వాయించి, నా తీగ ఎక్కడిదాకా వస్తోందో చూపించుకుంటాను.