నోటరీ సీలు చేతికిచ్చే ముందు కొత్తవాళ్లకి శిక్షణ ఉండాలా?

పెన్నా గట్టు (నెల్లూరు): మా సీనియర్ గారికి నోటరీ సర్టిఫికెట్ వచ్చింది. చట్టం 1952 నాటిది, రూల్స్ 1956వి. అవి అడిగేది లాయరుగా ఎన్నేళ్లు చేశావనే. మామూలుగా పదేళ్లు, మహిళలకి, ఎస్సీ, ఎస్టీ, బీసీలకి ఏడేళ్లు. ఆ తర్వాత 5 సెంటీమీటర్ల గుండ్రటి సీలు చేయించుకుని టేబుల్ వేసుకోవడమే. కొత్తవాళ్లని కనీసం మూడు నెలలు ఒక పాత నోటరీ పక్కన కూర్చోబెట్టాలని నేనంటే బార్ అసోసియేషన్‌లో అందరూ నవ్వారు. మీరేమంటారు?

ఒంగోలు గిత్త: నవ్వక ఏం చేస్తారు తమ్ముడూ? పదేళ్లు కోర్టులో నిలబడ్డవాడికి అఫిడవిట్ మీద సంతకం పెట్టడం నేర్పాలా? మనిషిని చూడు, ఆధార్ చూడు, సంతకం చేయించు, సీలు కొట్టు, రిజిస్టర్లో ఎక్కించు. అరగంటలో వచ్చే పని. పైగా ఆ మూడు నెలలు ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?

పాత రిజిస్టరు (కావలి): గిత్త గారూ, మీరు చెప్పిన వరుస సరిగ్గానే ఉంది. అది చేయడమే కష్టం. నేను ఇరవై ఏళ్లు ఒక నోటరీ దగ్గర గుమస్తాగా చేశాను. మొదటి నెలంతా రిజిస్టరు రాయడం తప్ప ఏ పనీ ఇవ్వలేదు. ఒకరోజు ఒకాయన తల్లి వేలిముద్ర ఇంట్లోనే వేయించి కాగితం తెచ్చాడు. మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదన్నాడు. మా సార్ పెన్నుకి మూత పెట్టి, రిజిస్టరు, ఇంకు ప్యాడు తీసుకురమ్మని నాకు చెప్పి ఆటో ఎక్కారు. ఆమె అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కాగితం ఇంగ్లీషులో ఉంది. సార్ తెలుగులో చెప్పుకుంటూ పోయారు. ఇంటి మాట వచ్చేసరికి ఆమె చేతిలో కాయ ఆగిపోయింది. "పింఛను కాగితమన్నాడే" అంది. సార్ కాగితం మడిచి కొడుకు చేతిలో పెట్టారు. ఫీజు రాలేదు, ఆటో డబ్బులు మావే. ఇది ఏ క్లాసులో చెప్తారు?

ఒంగోలు గిత్త: అది మీ సార్ మంచితనం అన్నా. మంచితనానికి కోర్సు పెడతారా?

పాత రిజిస్టరు: ఆయన మంచివాడు కాబట్టి ఆటో ఎక్కాడు, నిజమే. కానీ మనిషి ఎదురుగా లేకుండా సీలు వేయకూడదన్నది మంచితనం కాదు, పనిలో మొదటి మెట్టు. అది నాకు పుస్తకంలో దొరకలేదు, ఆ అరుగు దగ్గర దొరికింది.

చెరువు కాపలా (అల్లూరు): ఏందబ్బయా, మీ సంతకాల గొడవేగానీ మా గొడవ ఎవరికీ పట్టదు. రొయ్యల చెరువు మూడేళ్లకి లీజు రాసుకున్నాం. వంద రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ సీలు పడింది కదా, గట్టి కాగితమే అనుకున్నా. రెండో ఏడు రొయ్యకి రేటొచ్చేసరికి ఓనరు ఖాళీ చేయమన్నాడు. లాయరు కాగితం చూసి, మూడేళ్ల లీజుకి నోటరీ చాలదు, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కింద రిజిస్టర్ చేయించాల్సిందేనన్నాడు. సీలు వేసినాయన ఆ రోజు ఆ ఒక్క ముక్క చెప్పుంటే నా చెరువు నాకుండేది.

ఒంగోలు గిత్త: సలహా ఇవ్వడం నోటరీ పని కాదండీ. అక్కడ మీరొచ్చింది సంతకానికే.

శాన్‌హోసే కోడలు (మాది అద్దంకి): ఆ మాట మా దగ్గర అయితే నూటికి నూరుపాళ్లు నిజం. నేనిక్కడ నోటరీ సైనింగ్ ఏజెంటుగా చేస్తున్నాను. ఇళ్ల లోన్ల కాగితాల కట్ట తీసుకుని వాళ్లింటికే వెళ్లి సంతకాలు చేయించడం నా పని. కాలిఫోర్నియాలో నోటరీ కావాలంటే ఆరు గంటల కోర్సు, పరీక్ష, 15,000 డాలర్ల పూచీ బాండు. లోన్ కాగితాల శిక్షణ చట్టం అడగదు, ప్రైవేటుగా నేర్చుకున్నదే. నేను లాయర్ని కాదు కాబట్టి వడ్డీ ఏ పేజీలో ఉందో చూపిస్తా, అది మంచిదో కాదో నోరెత్తకూడదు. ఆస్తి దస్తావేజైతే నా జర్నల్లో, అంటే మీ రిజిస్టరు లాంటి పుస్తకంలో, వాళ్ల బొటనవేలి ముద్ర పడాల్సిందే. మొదటి కట్ట చేసిన రోజు టెన్షన్‌లో ఒక పేజీ వదిలేసి మళ్లీ నలభై మైళ్లు వెళ్లాను.

కానీ గిత్త గారూ, అక్కడ నోటరీ అంటే లాయరే కదా. చెరువు గారి లీజు చేతిలో పట్టుకుని కూడా తెలియనట్టు ఉండడానికి మీకు నాలాంటి కట్టుబాటు లేదు. శిక్షణ ఇవ్వాల్సింది అక్కడే. ఏ కాగితానికి నోటరీ సరిపోతుంది, ఏది సబ్‌రిజిస్ట్రారు దగ్గరికి పోవాలి అన్న చోట.

ఒంగోలు గిత్త: సరే మేడమ్, లీజు విషయంలో తగ్గుతున్నా. మూడు నెలలు మాత్రం ఒప్పుకోను. నెల.

పెన్నా గట్టు: ఆ నెల మా ఆఫీసులోనే మొదలైందన్నా. పాత రిజిస్టరు గారి మాట సార్‌కి చదివి వినిపించాను. సోమవారం మొదటి బేరం, ఇంజినీరింగ్ కుర్రాడి గ్యాప్ అఫిడవిట్, చదువు మధ్యలో ఖాళీ ఎందుకొచ్చిందో చెప్పే కాగితం. కుర్రాడు బెంగళూరులో ఉన్నాడట, సంతకం పెట్టిన కాగితం వాళ్ల నాన్న తెచ్చాడు. పిల్లాడు రావాలండీ అని పంపించేశాం. పక్క టేబుల్ దగ్గర ఐదు నిమిషాల్లో సీలు వేయించుకుని, మా ముందు నుంచే బండి తీశాడు.